అమ్మని దేవతని చెయ్యకుండా చూపించే పిల్లలకి ఓ ఎనిమిది నిమిషాలు ఇవ్వండి: తెలుగు సంఘాల వాళ్ళకి బహిరంగ లేఖ

అమెరికా, కెనడాల్లో తెలుగు సంఘాలు నడుపుతున్న అన్నలకి, అక్కలకి, ముఖ్యంగా కల్చరల్ కమిటీ వాళ్ళకి, నమస్తే అండి.

ఉగాదికీ దసరాకీ మీరు పడే కష్టం నాకు తెలుసు. హాల్ బుక్ చెయ్యడం దగ్గర్నుంచి ఆఖర్న కుర్చీలు మడతపెట్టే దాకా అన్నీ మీరే, జీతం లేదు సరికదా భోజనాలు లేటయితే తిట్లు కూడా మీకే. కాబట్టి ఇది మిమ్మల్ని తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదు, మధ్యలో ఎక్కడన్నా కొంచెం తిట్టినా మనసులో పెట్టుకోకండి. నేను అడిగేది ఒక్కటే. మన పిల్లలు వాళ్ళ అమ్మల గురించి వాళ్ళకి తోచినట్టు ఒక కథ చెప్పుకోడానికి మీ స్క్రీన్ మీద ఎనిమిది నిమిషాలు ఇవ్వండి, ఇచ్చాక అందులో వేలు పెట్టకండి.

ఎనిమిది నిమిషాలే ఎందుకంటే బావో సినిమా అంతే ఉంటుంది. 2018 జూన్‌లో ఇన్‌క్రెడిబుల్స్ 2 కి పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు మీలో చాలామంది చూసే ఉంటారు, మెయిన్ సినిమాకి ముందు వేశారు, పాప్‌కార్న్ లైన్లో నిలబడి మిస్సయిన నాన్నలు కూడా ఉంటారనుకోండి. పిక్సార్ వాళ్ళ షార్ట్ ఫిల్మ్. తీసింది డోమీ షీ. చైనాలో చోంగ్‌చింగ్‌లో పుట్టి, రెండేళ్ళ పిల్లప్పుడు అమ్మానాన్నలతో కెనడా వచ్చి, టొరంటోలో పెరిగింది, ఇక్కడే షెరిడన్ కాలేజీలో యానిమేషన్ చదివింది, 2011లో పిక్సార్‌లో ఇంటర్న్‌గా చేరింది. 1986లో మొదలైన ఆ స్టూడియోలో ఒక ఆడపిల్ల షార్ట్ ఫిల్మ్ డైరెక్ట్ చెయ్యడం అదే మొదటిసారి, అంటే 32 ఏళ్ళు పట్టింది వాళ్ళకి. 2019 ఫిబ్రవరిలో దానికి ఆస్కార్ కూడా ఇచ్చారు.

చూడనివాళ్ళ కోసం కథ చెప్పేస్తున్నా, కథ తెలిస్తే పాడైపోయే సినిమా కాదులెండి. టొరంటోలో ఒక చైనీస్ ఇల్లు. పొద్దున్నే ఆ ఇంటావిడ పిండి కలిపి, చిన్న చిన్న పూరీల్లా ఒత్తి, మధ్యలో మాంసం పెట్టి మడతలు మడతలుగా మూసి ఆవిరి మీద ఉడికిస్తుంది, అవే బావోలు. మొగుడు గబగబా తినేసి పనికి పోతాడు, ఈవిడ ఒక్కతే మిగుల్తుంది. తనది నోట్లో పెట్టుకోబోతే అది కేర్‌మని ఏడుస్తుంది, కాళ్ళూ చేతులూ వచ్చేస్తాయి. ఇంక పెంచుకోవడం మొదలు. బేకరీలో కొన్నది బస్సులో పక్కపక్కన కూర్చుని పంచుకు తింటారు, పార్కులో తాయ్ చీ చేస్తారు. వాడికేమో పిల్లలతో కలిసి ఫుట్‌బాల్ ఆడాలని ఉంటుంది, దెబ్బ తగుల్తుందని ఆవిడ ఆడనివ్వదు. పెద్దవుతాడు, విసుక్కుంటాడు, ఫోన్లో నవ్వుకుంటాడు, ఆవిడ టేబుల్ నిండా వండి పెడితే చూసీ చూడనట్టు ఫ్రెండ్స్ కారెక్కి వెళ్ళిపోతాడు. ఒకరోజు తెల్లమ్మాయిని ఇంటికి తీసుకొచ్చి ఉంగరం చూపిస్తాడు, పెట్టె సర్దుకుంటాడు. ఆవిడ గుమ్మానికి అడ్డం పడుతుంది, లాక్కుంటారు, పీక్కుంటారు, ఇంకేం చెయ్యాలో తోచక వాణ్ణి పట్టుకుని నోట్లో వేసుకుని మింగేస్తుంది.

అవునండి, మింగేస్తుంది. మింగాక తను చేసిందేంటో తెలిసి బావురుమంటుంది. ఆ తర్వాత అసలు కొడుకు, మనిషి కొడుకు, గుమ్మంలో కనపడతాడు, అచ్చం ఆ బావో మొహమే, ఇప్పటిదాకా చూసిందంతా ఆవిడ కల అని మనకి అప్పుడు వెలుగుతుంది. నాన్న వాణ్ణి గదిలోకి తోస్తే లోపలికొచ్చి, చిన్నప్పుడు బస్సులో తిన్నదే అమ్మ చేతిలో పెడతాడు, ఇద్దరూ మంచం మీద కూర్చుని ఏడుస్తూ తింటారు. ఒక్క మాట లేదు. సినిమా మొత్తంలో ఎవరూ ఒక్క డైలాగ్ మాట్లాడరు, ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

అప్పట్లో థియేటర్లలో ఆ మింగే సీన్‌కి కొంతమంది నవ్వారు, కొంతమందికి అసలు ఏం జరిగిందో అర్థం కాలేదు, అదే హాల్లో ఆసియా కుటుంబాల పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు, నవ్వినవాళ్ళకీ ఏడ్చినవాళ్ళకీ ట్విట్టర్లో పెద్ద గొడవయింది. మనకి మాత్రం ఇందులో వింతేం కనపడకూడదు. నలుగు పిండితో పిల్లాణ్ణి చేసి ప్రాణం పోసి గుమ్మం దగ్గర కాపలా పెట్టిన తల్లి కథ ఏటా చవితికి చదివి అక్షింతలు వేసుకునేవాళ్ళం, పిండి బొమ్మ లేచి నడిస్తే మనకి డౌట్ రావడమేంటి! మింగడం కూడా ఊరికే పుట్టలేదు. డోమీ షీ ఒక్కతే కూతురు. చిన్నప్పుడు వాళ్ళమ్మ తనని గట్టిగా పట్టుకుని, నిన్ను మళ్ళీ నా కడుపులో పెట్టేసుకుంటే ఎప్పుడు ఎక్కడున్నావో నాకు తెలుస్తుంది కదా అనేదట, ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. మనం ఆ పని ఫోన్లో లొకేషన్ షేరింగ్ ఆన్ చేసి కానిచ్చేస్తున్నాం, కడుపు బదులు యాప్, అంతే తేడా.

అయితే నేను మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం సినిమాలో కన్నా దాని వెనక ఉంది. ఆ మింగే సీన్ మరీ ఘోరంగా ఉంటుందేమో, స్టూడియోలో ఒప్పుకోరేమో అని మధ్యలో ఆ అమ్మాయే దాన్ని మెత్తబరిచి ముద్దుగా మార్చిందట. అప్పుడు పీట్ డాక్టర్ (డాక్టర్ అన్నది ఇంటిపేరు), పిక్సార్‌లోనే ఇన్‌సైడ్ అవుట్ సినిమా డైరెక్టర్, ఈ అమ్మాయి ఆ సినిమాకి స్టోరీ ఆర్టిస్టుగా చేసింది, ఆయన ముందు అనుకున్నదే ఉంచమని వెనక నిలబడ్డాడు. పెద్ద పోస్టులో ఉన్న ఒక మనిషి ఒక కుర్రపిల్లతో నీకు తోచిందే తియ్యి అన్నాడు, ఇంకేం చెయ్యలేదు. ఆ మాటే అనకపోయుంటే బావో ఒక ముద్దొచ్చే పిండిబొమ్మ కథయ్యి పార్కింగ్ లాట్‌కి వచ్చేసరికి మర్చిపోయేవాళ్ళం. ఇంకో సంగతి, వాళ్ళమ్మని స్టూడియోకి పిలిపించారు, ఆవిడ వచ్చి ఆర్టిస్టులకి పిండి ఎలా కలపాలో మడత ఎలా వెయ్యాలో దగ్గరుండి చేసి చూపించింది. అంటే అమ్మ తప్పు చేసే కథకి అమ్మే వచ్చి పిండి కలిపి పెట్టింది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తా. మా వైపు ఒక సంఘంలో, పేరు అనవసరం, మదర్స్ డే ప్రోగ్రాంకి పదో క్లాసు పిల్ల ఒకతి ట్యాబ్లెట్ మీద తనే బొమ్మలేసుకుని ఓ చిన్న యానిమేషన్ చేసింది. అందులో ఒకమ్మ ఉంటుంది, కూతురు ఎవరితో మాట్లాడుతోందో అని తలుపు దగ్గర చెవి పెడుతుంది, ఆ చెవి రోజుకింత పెద్దదవుతుంది, హాల్లోకొస్తుంది, మెట్ల మీదకొస్తుంది, చివరికి ఇల్లంతా చెవే. ఇంక పడుకోడానికి చోటు లేక ఆ పిల్ల అమ్మ చెవి మడతలోనే దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నాకైతే చూసి నవ్వొచ్చింది, గొంతు కూడా పట్టేసింది. కమిటీ వాళ్ళు వద్దన్నారు. అమ్మని అలా చూపిస్తే బాగోదమ్మా, పెద్దవాళ్ళు వస్తారు, ఇండియా నుంచి గెస్టులున్నారు, కావాలంటే అమ్మ పాటకి డాన్స్ చెయ్యి అన్నారు. గమ్మత్తేంటంటే వాళ్ళమ్మకి లేని బాధ కమిటీకి వచ్చింది, వాళ్ళమ్మ ఆ వీడియో బంధువులందరికీ వాట్సాప్‌లో పంపుకుంది కూడా! ఆ స్లాట్‌లో ఆరుగురు పిల్లలు దీపాలు పట్టుకుని అమ్మే దైవం అన్న టైపు పాటకి చుట్టూ తిరిగారు, ఆ పిల్ల రానేలేదు.

దీపాలు పట్టుకోవడం తప్పని నేననను. అమ్మ దేవత అని ఏడాదికి ఒకసారి పాడితే ఎవరికీ నష్టం లేదు. కానీ దేవత అన్నాక ఇంక ఆ మనిషి గురించి చెప్పడానికేం మిగలదు కదా. ఇక్కడికొచ్చిన మన అమ్మల్లో చాలామంది డిపెండెంట్ వీసా మీద దిగినవాళ్ళు. అమెరికాలో 2015 దాకా హెచ్4 వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం చేసే వీలే లేదు, ఆ ఏడాది రూల్ మారినా అందరికీ వర్తించలేదు. ఇంజనీరింగ్ చదివిన పిల్ల, ఎమ్మెస్సీ చదివిన పిల్ల, పక్కింట్లో పలకరించే మనిషి లేక, మంచులో బయటికి పోవడానికి కారు లేక, ఉన్న తెలివీ ఓపికా అంతా కడుపున పుట్టినవాడి మీద పెట్టేసింది. వాడే ఉద్యోగం, వాడే ఊరు, వాడే పండగ. అలాంటి వాడు పద్దెనిమిదేళ్ళకి యూనివర్సిటీ అని పెట్టె సర్దుకుంటే ఆవిడకి ఏమవుతుందో మీ స్టేజి మీద నేనింతవరకు చూడలేదు. బావోలో చూశా. వేరే దేశం నుంచి వచ్చిన, వేరే తిండి తినే ఆవిడలో చూశా, అందుకే మీ మీద కొంచెం ఉక్రోషం.

అసలు ఆ చైనీస్ అమ్మ టొరంటోలో వంటింట్లో నిలబడి పిండి కలపడం కూడా అంత మామూలు విషయం కాదు తెలుసా. కెనడా అంతా కలిపే రైలు లైనుకి కొండల్లో ప్రాణాలొడ్డింది చైనా నుంచి వచ్చిన కూలీలు, 1885లో లైను పూర్తయింది, అదే ఏడాది చైనా నుంచి వచ్చేవాళ్ళ మీద తలకి 50 డాలర్ల పన్ను వేశారు, 1903కల్లా దాన్ని 500 డాలర్లు చేశారు. అది చాల్లేదన్నట్టు 1923 జూలై 1న చట్టం తెచ్చి దాదాపు పూర్తిగా ఆపేశారు, 1947 దాకా అదే పరిస్థితి. మొగుడు ఇక్కడ లాండ్రీలోనో హోటల్లోనో, పెళ్ళాం అక్కడ ఊళ్ళో, పిల్లలు నాన్న మొహం ఫొటోలో తప్ప చూడకుండా పెరిగిన ఇళ్ళు ఎన్నో. పార్లమెంటులో ప్రధానమంత్రి క్షమాపణ చెప్పింది 2006లో. టొరంటోలో వాళ్ళ పాత చైనాటౌన్‌లో చాలా భాగం కూడా సిటీ హాల్ కట్టడానికి కూలగొట్టేశారు, ఇప్పుడు మనం నూడుల్స్‌కి వెళ్ళే స్పడైనా రోడ్డు వైపు తర్వాత జరిగారు. మనవాళ్ళనీ వదల్లేదులెండి, ఇండియా నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో వస్తేనే రానిస్తామని 1908లో రూలు పెట్టి, 1914లో కోమగాటమారు ఓడని వాంకూవర్ నుంచి తిప్పి పంపేశారు. ఇవన్నీ సినిమాలో లేవు, ఉండాల్సిన అవసరమూ లేదు, కానీ అమ్మలే రాలేకపోయిన దేశంలో ఒక అమ్మ పిల్లాణ్ణి మరీ గట్టిగా పట్టుకుంటే నాకు ఇంకోలా కనిపిస్తుంది.

సినిమాలో నాకు నచ్చనివీ ఉన్నాయి. చివర్లో ఆ తెల్లకోడలు మొదటిసారికే బావో అంత చక్కగా మడిచెయ్యడం, అత్తగారు అక్కడికక్కడే కరిగిపోవడం మరీ సులువుగా అయిపోయింది, మా ఇంట్లో కజ్జికాయలు అంచు విడిపోకుండా ఒత్తడానికి మా కోడళ్ళకి ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ నూనెలో ఒకటో రెండో పగుల్తాయి. నాన్న పాత్ర తినడం, టీవీ చూడటం, కొడుకుని గదిలోకి ఒక తోపు తొయ్యడం, అంతటితో సరి. ఇందులో అబద్ధమేం లేదనుకోండి, మన నాన్నలూ చాలామంది అంతే. ఇంకోటి, తనది కూతురి అనుభవమైతే కథలో కొడుకుని పెట్టింది. కూతురి కథ 2022లో టర్నింగ్ రెడ్ అని ఫుల్ సినిమాగా తీసింది, 2002 టొరంటో, పదమూడేళ్ళ పిల్ల, కూతురు పుస్తకంలో గీసుకున్న బొమ్మలు పట్టుకుని షాపుకెళ్ళి అందరి ముందూ పరువు తీసే అమ్మ. పిల్ల అమ్మ మాట విననట్టు చూపించారని కొంతమంది పేరెంట్స్ దానిమీద కోప్పడ్డారు. మన కమిటీల్లాంటివి అన్ని దేశాల్లో ఉన్నాయన్నమాట.

మనవాళ్ళు అక్కడిదాకా వెళ్ళలేదా అంటే వెళ్ళారు. 2015లో ఇదే పిక్సార్ నుంచి సంజయ్ పటేల్ తీసిన సంజయ్స్ సూపర్ టీమ్ వచ్చింది, కాలిఫోర్నియాలో మోటెల్ నడుపుకునే గుజరాతీ ఇంట్లో పెరిగిన మనిషి, నాన్న పూజ చేసుకుంటుంటే కొడుక్కి టీవీ కార్టూన్ల మీద ధ్యాస, ఆ కథ. ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దేవుళ్ళు కనపడ్డారు కాబట్టి దాన్ని మన సంఘాలు సంబరంగా షేర్ చేశాయి, అప్పుడు నాకు కూడా ఓ ఐదారు గ్రూపుల్లోంచి వచ్చింది. కొడుక్కి పూజ బోర్ కొడుతుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు!

సరే, నేనడిగేవి. పద్ధతిగా చెప్పడం నాకు రాదు, అటూ ఇటూ వస్తాయి, సర్దుకోండి.

ముందు డైలాగ్ సంగతి. స్టేజెక్కాలంటే తెలుగు మాట్లాడాలి అని మీరు రూల్ పెడతారు, ఉద్దేశం మంచిదే, కానీ జరిగేదేంటంటే పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చింది బట్టీ పట్టి అర్థం తెలీకుండా అప్పచెబుతారు, కింద అమ్మ పెదాలు కదుపుతూ అందిస్తూ ఉంటుంది. తెలుగు సరిగ్గా రాని పిల్ల చెప్పాల్సింది ఏమీ లేని పిల్ల కాదు కదా. మాటల్లేని సినిమా తియ్యమనండి. గుమ్మంలో విడిచిన చెప్పులు, ఫ్రిజ్ నిండా పాత పెరుగు డబ్బాల్లో కూరలు, రాత్రి పదకొండింటికి ఇండియా ఫోన్, సూట్‌కేసు తూకం, ఇవి చూపిస్తే చాలు, అది తెలుగిల్లని ఎవరూ చెప్పక్కర్లేదు. 

ఖర్చు గురించి భయపడకండి. బ్లెండర్ అని సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఫ్రీ, లాత్వియా అనే చిన్న దేశం వాళ్ళు దాంతోనే తీసిన మాటల్లేని సినిమాకి 2025లో యానిమేషన్ ఫీచర్ ఆస్కార్ వచ్చింది, పెద్ద పెద్ద స్టూడియోలు పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాయి. అంత కూడా అక్కర్లేదు, ఫోన్లో మైదా ముద్దల్ని జరుపుతూ ఒక్కో ఫొటో తీసుకుంటూ పోయినా సినిమా అవుతుంది. ఇండియా నుంచి రప్పించే సింగర్ గారి బిజినెస్ క్లాస్ టికెట్‌లో పదో వంతు పెట్టండి, లోకల్ కాలేజీల్లో యానిమేషన్ చదివే మన పిల్లల్నే పిలిచి రెండు శనివారాలు వర్క్‌షాప్ పెట్టించొచ్చు. మొదటిరోజు బావో చూపించండి. పబ్లిక్‌గా వెయ్యాలంటే పర్మిషన్ తీసుకోవాలి, తీసుకోండి, మనవాళ్ళు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసేస్తారు అలా వద్దు. పర్మిషన్ రాకపోతే ఇంట్లో డిస్నీ ప్లస్‌లో చూసి రమ్మనండి, అమ్మతో కూర్చుని చూడమనండి.

దయచేసి పోటీ మాత్రం పెట్టకండి. ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు, షీల్డు అన్నారంటే అయిపోయింది, పిల్లల సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టులు మన ఇళ్ళల్లో ఎవరు చేస్తున్నారో మనకి తెలీదా, తల్లులు రాత్రంతా కూర్చుని తల్లుల గొప్పతనం మీద సినిమా తీసేస్తారు. ఎవరు ఏం తెస్తే అది వెయ్యండి. బూతులు, ఇంకొకర్ని కించపరిచేవి ఉంటే ఆపండి, అది వేరు. అమ్మకి కోపమొచ్చింది, అమ్మ అబద్ధమాడింది, అమ్మ నన్ను మింగేసింది, నాకు అమ్మ మీద కోపమొచ్చింది, ఇలాంటివి ఉంటే ఆపడానికి వీల్లేదు అని రాసి పెట్టండి. చూసి ఓకే చెయ్యడానికి కమిటీ పెద్దలొక్కళ్ళే కాకుండా ఇద్దరు కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టండి, ఒక ఓటు కాదు, సగం ఓట్లు వాళ్ళవి.

పరువు పోతుందని భయపడే తల్లిదండ్రులు ఉంటారు, వాళ్ళు మీకు ఫోన్లు చేస్తారు, ఎందుకీ గొడవ అని మీకూ అనిపిస్తుంది. వాళ్ళకి ఒక్కటి గుర్తుచెయ్యండి, బావోలో అమ్మ మింగేశాక కూడా బేకరీ బన్ను పట్టుకుని లోపలికొచ్చింది కొడుకే. ఆ కథ రాసింది కూడా ఒక కూతురే. అమ్మ మీద పగున్న పిల్లలు ఎనిమిది నిమిషాల బొమ్మ కోసం ఏళ్ళకేళ్ళు కూర్చోరండి, ఫోన్ ఎత్తడం మానేస్తారు అంతే.

దసరా ప్రోగ్రాం షెడ్యూల్ సాధారణంగా ఆగస్టులో ఖాయం చేస్తారు కాబట్టి అంతకుముందు జరిగే మీటింగ్ ఎజెండాలో ఈ పాయింట్ పెట్టమని అడుగుతున్నా. చెవి సినిమా తీసిన పిల్లని నేను అడిగి ఒప్పిస్తా, ఒప్పుకుంటే ముందు ఆ పిల్లదే వేద్దాం. ప్రొజెక్టర్ నా దగ్గరుంది, శనివారాలు వర్క్‌షాప్‌కి పులిహోర నేను కలిపి తెస్తా, హాల్ మాత్రం మీరు ఇప్పించాలి. జవాబు రాకపోతే జనరల్ బాడీలో మైకు తీసుకుని అడుగుతా, అప్పుడు మళ్ళీ టైమ్ లేదమ్మా అనొద్దు.

ఇట్లు,
టొరంటో పక్కన ఉండే ఒక తెలుగు అమ్మ, మీ సంఘానికి పాత వాలంటీరు